లోక్‌సభకు నిలబడదలచిన మహిళకు: నామినేషన్ నుంచి ఖర్చుల లెక్క దాకా

2024 లోక్‌సభ ఎన్నికల్లో 543 స్థానాలకు గెలిచిన మహిళలు 74 మంది. ఆంధ్రప్రదేశ్‌లోని 25 స్థానాల్లో ముగ్గురు: అరకు, రాజమహేంద్రవరం, నంద్యాల. తెలంగాణలోని 17లో ఇద్దరు: మహబూబ్‌నగర్, వరంగల్. అదే ఎన్నికల్లో రెండు రాష్ట్రాల ఓటరు జాబితాల్లోనూ మగవాళ్ల కన్నా ఆడవాళ్లే ఎక్కువ. మూడో వంతు సీట్లు మహిళలకు ఇవ్వాలని 2023లో 106వ రాజ్యాంగ సవరణ చేశారు గానీ, దాన్ని జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. ఆ ముడి వీడేదాకా ఎదురుచూడాల్సిన పని మాత్రం లేదు. జనరల్ సీటంటే మగవాళ్ల సీటని ఏ చట్టంలోనూ రాసి లేదు.

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకు వచ్చాక సర్పంచులుగా, ఎంపీటీసీలుగా, మండల సమాఖ్య అధ్యక్షురాళ్లుగా పనిచేసి రాటుదేలినవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. పెద్ద పార్టీ టికెట్ ఇవ్వకపోయినా స్వతంత్రంగానో చిన్న పార్టీ తరఫునో లోక్‌సభకు నిలబడదామనుకునే అలాంటివాళ్ల కోసమే ఇది. ప్రసంగం ఎలా చేయాలో ఇందులో ఉండదు, అది మీకు వచ్చు. ఇలాంటి అభ్యర్థులు ఎక్కువగా దెబ్బతినేది కాగితం దగ్గర, లెక్క దగ్గర, పోలింగ్ రోజు బూత్ దగ్గర. మూడింటికీ మూలం తరచూ ఒకటే: కలం, బ్యాంకు పుస్తకం, ఫోను ఇంట్లో మగవాళ్ల చేతికి వెళ్లిపోవడం. సర్పంచి కుర్చీలో భర్త కూర్చుంటే ఊరు సర్దుకుపోయింది. పార్లమెంటు ఎన్నికలో రిటర్నింగ్ అధికారి (అందరూ ఆర్.ఓ. అనే పిలుస్తారు) సర్దుకుపోరు.

ముందు మీ పేరు సరిచూసుకోండి

ఎన్నికలకు కనీసం ఆరు నెలల ముందు ఓటరు జాబితాలో మీ వివరాలు తీయండి. లోక్‌సభకు పోటీ చేయడానికి దేశంలో ఎక్కడ ఓటరైనా చాలు, అదే నియోజకవర్గంలో ఓటుండాలని లేదు. ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే మాత్రం ఆ జాబితాలో మీ పేరున్న పేజీకి సర్టిఫైడ్ కాపీ తెచ్చి నామినేషన్‌తో ఇవ్వాలి, లేదా పరిశీలన సమయానికి చూపాలి. ఇది లేక తిరస్కరణకు గురైన నామినేషన్లు ఉన్నాయి. పరిశీలన రోజుకు 25 ఏళ్లు నిండి ఉండాలి. అమలాపురం, బాపట్ల, నాగర్‌కర్నూల్, పెద్దపల్లి వంటి ఎస్సీ స్థానాలకూ, అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ వంటి ఎస్టీ స్థానాలకూ కుల ధ్రువీకరణ పత్రం కావాలి.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, పాన్ కార్డులో అసలు ఇంటిపేరే ఉండదు. పేరులో చిన్న తేడాతోనో రాతపొరపాటుతోనో నామినేషన్ కొట్టేయకూడదని చట్టంలోనే ఉంది. అయినా ప్రత్యర్థి వకీలు దాన్నే పట్టుకుని గంటసేపు వాదిస్తాడు. ఫారం 8తో జాబితాలో సవరణ చేయించుకుంటే ఆ గంట మిగులుతుంది. పుట్టింటి ఊళ్లో పాత ఓటు ఇంకా ఉంటే ఫారం 7 పెట్టి తీయించండి. రెండు చోట్ల ఓటుండటం చట్టవిరుద్ధం. మీరు మరిచిపోయినా ఎదుటివాళ్లు మరిచిపోరు.

ప్రభుత్వం నుంచి జీతమో గౌరవ వేతనమో తీసుకుంటున్నా, కేంద్ర ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్నా, అది అనర్హత కిందికి వస్తుందేమో ఎన్నికల కేసులు చూసే వకీలును ముందే అడగండి. రాజీనామా అవసరమైతే, అది ఆమోదం పొందినట్టు రాతపూర్వకంగా చేతికి రావాలి. ఇచ్చిన రాజీనామా వేరు, ఆమోదించిన రాజీనామా వేరు.

క్యాలెండరు ఎంత ఇరుకో చూడండి

2024లో రెండు తెలుగు రాష్ట్రాలకూ నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. నామినేషన్లకు చివరి రోజు 25, పరిశీలన 26, ఉపసంహరణకు గడువు 29, పోలింగ్ మే 13, లెక్కింపు జూన్ 4. నామినేషన్ వేయడానికి రోజుకు నాలుగు గంటలే, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు. ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు తీసేయాలి. మంచి రోజు, ముహూర్తం అంటూ చివరి రోజు దాకా ఆగితే కాగితంలో లోపం బయటపడ్డాక దిద్దుకునే వేళ ఉండదు. ముహూర్తం మీద నమ్మకముంటే ఒక సెట్టు మొదటి రెండు రోజుల్లో వేసేసి, మంచి గడియలో ఇంకో సెట్టు వేయండి. ఒక నియోజకవర్గంలో ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు.

ఆ నాలుగు సెట్లు దర్జా కోసం కాదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు (మీ పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం చేసే ఓటరు) చాలు. స్వతంత్రులకూ, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీలవాళ్లకూ పదిమంది కావాలి. ఆ పదిమందిలో ఒక్కరి ఓటు చెల్లకపోయినా సెట్టు మొత్తం పోతుంది. అందుకని ఒక్కో సెట్టుకు వేర్వేరు పదిమందిని పెట్టండి.

ప్రతిపాదకుల దగ్గర జరిగే పొరపాట్లు

ప్రతిపాదకులు ఆ లోక్‌సభ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఎక్కడివారైనా ఫర్వాలేదు. ఒక్కొక్కరికీ భాగం సంఖ్య, వరుస సంఖ్య తాజా జాబితా నుంచి రాసుకోండి. ఓటరు కార్డు మీద చూసి గానీ, పోయిన ఎన్నికల్లో ఇంటికొచ్చిన చీటీ చూసి గానీ రాయకండి. పోలింగ్ కేంద్రాలు సర్దినప్పుడల్లా భాగాల సంఖ్యలు మారతాయి, అనుబంధ జాబితాల్లో పేర్లు తీసేస్తారు. ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో తాజా జాబితా పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. నామినేషన్‌కు ముందు రోజు రాత్రి మళ్లీ ఒకసారి సరిచూడాలి.

వేలిముద్రల సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. పొదుపు సంఘాల నుంచి ప్రతిపాదకుల్ని తెచ్చుకుంటే వారిలో సంతకం రాని పెద్దావిడలు ఉంటారు. వాళ్ల వేలిముద్ర ఇంట్లో వేయించి తీసుకెళ్తే చెల్లదు. ఆర్.ఓ. ఎదుటో, ఎన్నికల సంఘం అధికారం ఇచ్చిన అధికారి ఎదుటో వేయాలి, ఆ అధికారి దాన్ని ధ్రువీకరించాలి. కానీ లోపలికి అభ్యర్థితో కలిపి ఐదుగురినే రానిస్తారు. ముగ్గురు నలుగురు వేలిముద్రలవాళ్లు ఉంటే ఆ ఐదు చోట్లూ వాళ్లతోనే నిండుతాయి. కనుక సంతకం పెట్టగలవాళ్లనే ఎంచుకోండి. పెద్దావిడల పేరు ఉండాలన్న మర్యాద పాటించాలనుకుంటే ఒక సెట్టుకు ఒకరిని మించొద్దు.

నామినేషన్ పత్రాన్ని అభ్యర్థి స్వయంగా గానీ, ప్రతిపాదకుల్లో ఒకరు గానీ ఇవ్వాలి. భర్త, కొడుకు, తమ్ముడు ప్రతిపాదకులు కాకపోతే వాళ్ల చేతినుంచి తీసుకోరు. ఉపసంహరణ మాత్రం ఇంకో దారిలో జరుగుతుంది: అభ్యర్థి రాతపూర్వకంగా అధికారమిస్తే ప్రతిపాదకుడో ఎన్నికల ఏజెంటో (అభ్యర్థి తన తరఫున ఎన్నిక పనులు చూసేందుకు నియమించుకునే మనిషి) ఫారం 5 తెచ్చి ఇవ్వొచ్చు. ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. “ఎందుకైనా మంచిది, నాలుగు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టమ్మా” అని ఎవరన్నా, ఎంత దగ్గరివాళ్లయినా, పెట్టకండి. చివరి గంటలో మీకు తెలియకుండా మీరు పోటీలోంచి తప్పుకుని ఉంటారు.

ఫారం 26: ఒక్క గడీ కూడా ఖాళీ వదలొద్దు

ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు చెప్పే అఫిడవిట్ ఇది. నోటరీ ముందో, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందో ప్రమాణం చేసి, ప్రతి పేజీ మీద మీ సంతకం, నోటరీ ముద్ర ఉండేలా చూసుకోవాలి. స్టాంపు పేపరు ఎంత విలువది కావాలో ఆర్.ఓ. కార్యాలయంలోనే అడిగి కొనండి. నింపడానికి ఏమీ లేని చోట గీత కొట్టకండి. “లేదు” అనో “వర్తించదు” అనో రాయండి. ఖాళీ ఉంటే ఆర్.ఓ. నోటీసు ఇస్తారు. పరిశీలన మొదలయ్యేలోపు కొత్త అఫిడవిట్ ఇవ్వకపోతే నామినేషన్ పోతుంది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇందులో మినహాయింపు లేదు.

భర్త ఆస్తులు, ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన గత ఐదేళ్ల ఆదాయం, పాన్ నంబరు కూడా రాయాలి. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. బైట వడ్డీకి తిప్పుతున్న డబ్బు, అన్నదమ్ముల మధ్య తెగని పొలం, బినామీ స్థలం లాంటివన్నీ ఆవిడ అఫిడవిట్‌లో ఎందుకు రాయాలని భర్త అడుగుతాడు. రాయకపోతే గెలిచిన తర్వాత ఎన్నికల పిటిషన్‌లో పోయేది ఆవిడ సభ్యత్వమే. ఈ మాట నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఇప్పుడే తేల్చుకోండి.

బంగారం బరువు గ్రాముల్లో, విలువ రూపాయల్లో రాయాలి. కుదువ పెట్టిన నగ కూడా మీదే, దాని మీద తీసుకున్న అప్పు కూడా మీదే, రెండూ వస్తాయి. డ్వాక్రా రుణం సంఘం పేరున ఉన్నా, స్త్రీనిధి అప్పు తీసుకున్నా, ఇంకా కట్టాల్సిన మీ వాటాను రాసేయడమే క్షేమం.

కేసుల గడి దగ్గర ఇంకాస్త శ్రద్ధ కావాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం నుంచి నిన్నమొన్నటి అంగన్‌వాడీ, ఆశా ధర్నాల దాకా రోడ్డెక్కిన ఆడవాళ్ల మీద పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారు. “నలుగురితో పాటు స్టేషన్‌కి తీసుకెళ్లి సాయంత్రం వదిలేశారు” అని మీరు మరిచిపోయిన రోజున మీ పేరుతో ఎఫ్‌ఐఆర్ నమోదై ఉండొచ్చు. మీ పరిధిలోని స్టేషన్లలోనూ, ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనూ వెతికించండి. పెండింగ్ కేసు ఉంటే సిగ్గుపడేదేం లేదు గానీ, ఉపసంహరణ గడువు తర్వాత దాని వివరాలు పత్రికలోనూ టీవీలోనూ మూడేసి సార్లు ప్రకటన ఇవ్వాలి. ఆ ఖర్చు కూడా మీదే. బడ్జెట్‌లో వేసుకోండి.

బ్యాంకు ఖాతా, డిపాజిట్

నామినేషన్ వేసే ముందు రోజుకల్లా ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. అది మీ ఒక్కరి పేరున గానీ, మీ ఎన్నికల ఏజెంటుతో ఉమ్మడిగా గానీ ఉండాలి. ఎన్నికల ఏజెంటు కాని కుటుంబ సభ్యుడితో ఉమ్మడి ఖాతా కుదరదు. ఉన్న పాత ఖాతానో, పొదుపు సంఘం ఖాతానో దీనికి వాడొద్దు. ఏటీఎం కార్డు, ఫోన్‌పే నంబరు మీ సెల్లుకే లింకు అయ్యుండాలి. ఓటీపీ కొడుకు ఫోనుకు వెళ్తే ఖర్చు ఎవరు చేస్తున్నారో మీకు తెలియదు.

డిపాజిట్ 25 వేలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. జనరల్ సీటులో నిలబడినా ఈ తగ్గింపు ఉంటుంది, కుల పత్రం జతచేయండి. నగదుగా ఆర్.ఓ. దగ్గరో, ట్రెజరీ చలానాగానో కట్టాలి, చెక్కు తీసుకోరు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ తిరిగొస్తుంది. చెల్లిన ఓట్లు 12 లక్షలైతే 2 లక్షలు దాటాలన్నమాట. నోటా ఓట్లు ఈ లెక్కలోకి రావు.

ఆర్.ఓ. గదిలో

ఊరేగింపు ఎంత పెద్దదైనా కార్యాలయానికి వంద మీటర్ల లోపలికి మూడు వాహనాలే. తీసుకెళ్లాల్సినవి: ఫారం 2ఏ (నామినేషన్ పత్రం), ఫారం 26, డిపాజిట్ రసీదు, కుల పత్రం, ఓటరు జాబితా కాపీ, 2 సెంటీమీటర్ల వెడల్పు 2.5 సెంటీమీటర్ల ఎత్తున్న ఫొటోలు. ఫొటో మూడు నెలల లోపుది కావాలి, వెనక తెల్లగా ఉండాలి, ముఖం సూటిగా ఉండాలి. ఓటింగ్ యంత్రం మీద కనిపించేది ఇదే ఫొటో. మీ పేరే ఉన్న ఇంకో ఇద్దర్ని ఎదుటివాళ్లు నిలబెడితే ఓటరు మిమ్మల్ని గుర్తుపట్టేది దీంతోనే. కాబట్టి పెళ్లి నాటి ఫొటో వద్దు, రోజూ జనం చూసే కట్టూబొట్టుతో తీయించండి.

పార్టీ తరఫునైతే ఫారం ఏ, ఫారం బి సిరా సంతకంతో ఉన్న అసలు కాగితాలే, చివరి రోజు 3 గంటలలోపు చేరాలి. స్కాన్, వాట్సాప్ కాపీ పనికిరావు. బీ ఫారం దారిలో ఉందన్న మాట మీద టికెట్ పోగొట్టుకున్నవాళ్ల కథలు ప్రతి ఎన్నికలోనూ వింటాం. అభ్యర్థి మహిళ అయితే పార్టీ ఆఫీసువాళ్లు ఆ కవరు ఆవిడ చేతికి కాక “అన్న”కు ఇస్తారు. మీరే వెళ్లి, మీరే తీసుకోండి.

పత్రం ఇచ్చాక మరిచిపోయేది ప్రమాణం. నామినేషన్ ఇచ్చిన తర్వాత, పరిశీలనకు ముందు రోజులోగా, ఆర్.ఓ. ఎదుట ప్రమాణ పాఠం చదివి సంతకం చేయాలి. దేవుడి పేరున చేసినా, మనస్సాక్షిగా చేసినా సరే, తెలుగులోనే చేయొచ్చు. దండలు, ఫొటోల హడావుడిలో ఇది చేయకుండా బైటికొచ్చేసి, ఆ ఒక్క కారణంతో నామినేషన్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చివరగా చెక్‌లిస్టు, రసీదు అడిగి తీసుకోండి. ఏది తక్కువైందో, ఎప్పటిలోగా ఇవ్వాలో అందులో రాసిస్తారు.

పరిశీలన గదిలోకి అభ్యర్థి, ఎన్నికల ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, మీరు రాసిచ్చిన మరొకరు వెళ్లొచ్చు. ఆ ఒకరూ వకీలు అయితే మంచిది. అభ్యంతరం వస్తే జవాబుకు వ్యవధి అడిగే హక్కుంది, ఎల్లుండి దాకా ఇవ్వొచ్చు. చిన్న లోపాలతో తిరస్కరించకూడదన్న ప్రజాప్రాతినిధ్య చట్టం 36(4) నిబంధన కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

స్వతంత్రులు గుర్తుల జాబితా నుంచి మూడు ఎంచి ఫారంలో వరుసగా రాయాలి. మైకులో ఒక్క ముక్కలో చెప్పగలిగేది, గోడ మీద పిల్లాడు కూడా గీయగలిగేది ఎంచుకోండి.

డబ్బు: ఎక్కువమంది నలిగేది ఇక్కడే

2022లో సవరించిన పరిమితి ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షలు దాటకూడదు. మీ ఖర్చు అందులో పదో వంతైనా ఉండకపోవచ్చు. అయినా లెక్క మాత్రం కోటీశ్వరుడు రాసే పుస్తకంలోనే రాయాలి. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు దాకా ప్రతి రూపాయీ ఆ రిజిస్టరులో ఉండాలి. అందులో మూడు భాగాలు: తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు వ్యయ పరిశీలకుల ముందు పెట్టాలి. రాకపోతే నోటీసు, ఆపైన ప్రచార వాహనాల అనుమతి రద్దు దాకా వెళ్తుంది.

మొత్తం ఎన్నిక కాలంలో ఒక మనిషికో దుకాణానికో ఇచ్చే నగదు 10 వేలు దాటకూడదు. అంతకు మించితే చెక్కో ఆన్‌లైనో. ఒకే షామియానా కొట్టుకు మూడు సభలకు నాలుగేసి వేల చొప్పున నగదు ఇచ్చారనుకోండి, మూడోసారికి మీరు హద్దు దాటేసినట్టే. నగదు పేజీలో కొట్టు పేరు పక్కన ఇప్పటిదాకా ఎంతైందో పెన్సిల్‌తో వేసుకుంటూ పోండి. అభ్యర్థి, ఏజెంటు లేదా కార్యకర్త ఉన్న వాహనంలో 50 వేలకు మించిన నగదు పట్టుబడితే ఫ్లయింగ్ స్క్వాడ్ స్వాధీనం చేసుకుంటుంది.

టీ, ఇడ్లీ, భోజనం, కుర్చీ, మైకు, ఆటో, డప్పు కళాకారులు... అన్నింటికీ జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ఇస్తారు. నామినేషన్ వేసిన రోజే అది తెచ్చుకోండి. అధికారులు మీ సభను వీడియో తీసి, కుర్చీలు లెక్కపెట్టి, పట్టిక ధరతో గుణించి వాళ్ల పుస్తకంలో రాసుకుంటారు. మీ పుస్తకంలో 100 కుర్చీలు, వాళ్ల వీడియోలో 160 ఉంటే తేడా మీ ఖాతాలో పడుతుంది. ఊరివాళ్లు ప్రేమతో పెట్టిన భోజనమైనా, సంఘంవాళ్లు ఉచితంగా ఇచ్చిన టెంటైనా విలువ కట్టి ఖర్చులో చూపాలి.

సంఘం విషయంలో ఒక గీత గీసుకోండి. పొదుపు సంఘంలో సభ్యులు మీకు ఓటేయొచ్చు, తిరగొచ్చు, వాళ్ల సొంత డబ్బు చందాగా ఖాతాలో వేయొచ్చు. సంఘం నిధి, సమాఖ్య భవనం, నెలవారీ సమావేశం మాత్రం ముట్టుకోకండి. ఎన్నికల కోడ్ ఫిర్యాదు వస్తే మీకన్నా ముందు ఆ సంఘం రుణాలు చిక్కుల్లో పడతాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు సాయం చేస్తామంటే, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడి పౌరసత్వం తీసుకున్న మిత్రుల సంగతి వేరు. రెండోది విదేశీ విరాళం, అభ్యర్థి తీసుకోకూడదు.

ప్రచారం గురించి కొన్ని మాటలు

కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి (ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్). ప్రెస్సువాడు మరిచిపోతే పట్టుబడేది మీ కార్యకర్త. టీవీ, కేబుల్, సోషల్ మీడియా ప్రకటనలకు ముందే సర్టిఫికెట్ కావాలి, కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టండి. మైకు రాత్రి 10కి బంద్. పోలింగ్ ముగిసే వేళకు 48 గంటల ముందు ప్రచారం ఆగాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పనులు నడుస్తుంటాయి. ఆడవాళ్లు తెల్లారేసరికి పనిలో ఉంటారు, ఎండ ముదిరేలోపు తిరిగొస్తారు. పదకొండింటికి ఊళ్లోకెళ్తే ముసలివాళ్లు, టీ కొట్టు దగ్గర మగవాళ్లు తప్ప ఎవరూ దొరకరు. రాత్రి వంటలయ్యాక ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వాడకట్టు వాడకట్టుకూ చిన్న కూటాలు పెట్టండి. మీతో తిరిగే ఆడవాళ్లు రాత్రి ఇంటికి ఎలా చేరతారో, మధ్యాహ్నం ఎక్కడ ఆగితే బాత్‌రూమ్ ఉంటుందో రూట్ మ్యాప్‌లో ముందే రాసుకోవాలి. ఇది చూసుకోని చోట మూడో రోజుకి ఆడ కార్యకర్తలు సగమవుతారు. కారణం మాత్రం ఎవరూ చెప్పరు.

ఫొటోలు మార్ఫింగ్ చేయడం, అసభ్య ఆడియో తిప్పడం తప్పకుండా ఎదురవుతాయని అనుకునే దిగండి. స్క్రీన్‌షాట్, లింకు, సమయం దాచుకుని సైబర్ హెల్ప్‌లైన్ 1930కి గానీ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ అదే రోజు ఫిర్యాదు చేయండి. డబ్బు, మద్యం పంపిణీ కనిపిస్తే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో అక్కడికక్కడే వీడియో పెట్టాలి. “మీ ఆయన ఏం చేస్తారమ్మా?” అని ప్రతి ఊళ్లో అడుగుతారు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పేసి నీళ్ల సంగతికి రండి.

పోలింగ్ కేంద్రంలో మీ మనిషి

ఒక లోక్‌సభ స్థానంలో దాదాపు 2 వేల పోలింగ్ కేంద్రాలుంటాయి. ఒక్కో చోట ఒక ఏజెంటు, ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లను పెట్టుకోవచ్చు, ఒకేసారి లోపల కూర్చునేది ఒకరే. అన్ని చోట్లా పెట్టాలని చూస్తే ఎక్కడా గట్టిగా ఉండరు. మీకు పట్టున్న మండలాల్లో 200 నుంచి 300 కేంద్రాలు ఎంచుకుని, చోటుకు ఇద్దరు చొప్పున 400 నుంచి 600 మందిని తయారుచేయండి. వాళ్లలో సగంమందైనా ఆడవాళ్లు ఉండాలి. బురఖా వేసుకున్న ఓటరును గుర్తించాల్సి వచ్చినప్పుడు, ముసలావిడ ఓటు ఇంకొకరు వేస్తామన్నప్పుడు, ఏజెంటు కుర్చీలో ఆడమనిషి ఉంటే మాట వేరుగా ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగుల్ని ఏజెంట్లుగా పెట్టడం వాళ్లకే నేరం. లెక్కింపు ఏజెంట్లుగానైతే అంగన్‌వాడీ సిబ్బంది, రేషన్ డీలర్లు కూడా కుదరదు.

పోలింగ్ ఏజెంటు నియామక పత్రమైన ఫారం 10 మీద మీరో మీ ఎన్నికల ఏజెంటో సంతకం చేసి వాళ్లకివ్వాలి. ఏజెంటు ఓటరు కార్డు వెంట తెచ్చుకోవాలి, ఫోను బైటే. వాళ్లకు నేర్పాల్సినవి నాలుగే.

పోలింగ్ మొదలవడానికి 90 నిమిషాల ముందే మాక్ పోల్, అంటే నమూనా ఓటింగ్. 7 గంటలకు పోలింగైతే ఐదున్నరకల్లా అక్కడుండాలి. ఏజెంట్లు రాకపోతే కాసేపు చూసి మొదలుపెట్టేస్తారు. కనీసం 50 ఓట్లు వేయిస్తారు. మీ గుర్తుకు పడ్డవి మీకే వచ్చాయా చూసి, తర్వాత మెషిన్‌లో వాటిని చెరిపేశారా, వీవీప్యాట్ (వేసిన ఓటును చీటీ మీద చూపే యంత్రం) చీటీలు తీసి నల్ల కవరులో సీలు చేశారా గమనించాలి. చెరపడం మరిచిపోతే ఆ 50 ఓట్లు లెక్కింపు రోజు గొడవకు దిగుతాయి.

ఓటేయడానికి వచ్చినవాడు అసలు మనిషి కాదని అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు. ఏజెంటు జేబులో చిల్లర ఉండాలి.

“మీ ఓటు పడిపోయిందమ్మా” అని అసలు ఓటరును వెనక్కి పంపితే ఊరుకోకుండా టెండర్డ్ ఓటు అడిగించాలి. ఆమె ఎవరో రుజువు చేసుకుంటే కాగితం బ్యాలెట్ ఇస్తారు. కొందరు ఆడవాళ్లు అవమానంగా అనుకుని తిరిగి వెళ్లిపోతారు, వాళ్లను ఆపాల్సింది మీ ఏజెంటే.

చివరిది, అన్నిటికన్నా విలువైనది, ఫారం 17సి. పోలింగ్ అయ్యాక ఆ కేంద్రంలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో, కంట్రోల్ యూనిట్ నంబరెంతో, సీళ్ల నంబర్లేమిటో రాసి ప్రిసైడింగ్ అధికారి ఇచ్చే కాగితం ఇది. అడిగి తీసుకోవాలి, తీసుకోకుండా ఇంటికి రాకూడదు. రాత్రికి వాటిని మండలాలవారీగా కట్టలు కట్టి పెట్టండి.

లెక్కింపు, ఆ తర్వాత 30 రోజులు

ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు మామూలుగా 14 టేబుళ్లు. ఏడు సెగ్మెంట్లకు 98, సహాయ ఆర్.ఓ.ల టేబుళ్లు, పోస్టల్ బ్యాలెట్ టేబుళ్లు అదనం. టేబుల్‌కొకరు చొప్పున అంతమంది ఏజెంట్లు లేకపోతే మీకు బలమున్న రెండు మూడు సెగ్మెంట్లలోనే పెట్టండి. లెక్కింపు ఏజెంట్లను నియమించే ఫారం 18 వాళ్ల ఫొటోలతో లెక్కింపుకు మూడు రోజుల ముందు సాయంత్రం 5 లోపు చేరాలి. టేబుల్ దగ్గర ఏజెంటు చేసేది ఒక్కటే: కంట్రోల్ యూనిట్ నంబరు, మొత్తం ఓట్లు తన దగ్గరున్న 17సి తో సరిపోల్చుకోవడం. తేడా వస్తే ఆ రౌండు ముగిసేలోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి, తర్వాత నోటిమాటకు విలువ లేదు. సెగ్మెంటుకు ఐదు కేంద్రాల వీవీప్యాట్ చీటీలు లాటరీ తీసి లెక్కిస్తారు. ఆ డ్రా జరిగే చోట మీ మనిషి ఉండాలి.

గెలిచినా ఓడినా, డిపాజిట్ పోయినా, ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. 2024లోనైతే జూలై 4 చివరి రోజు. ఓడిపోయాక ఎవరికీ ఓపిక ఉండదు, లెక్కలు రాసిన కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు. ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్ల దాకా అనర్హురాలిగా ప్రకటించొచ్చు. ఆ మూడేళ్లలో పంచాయతీ ఎన్నికలో, అసెంబ్లీ ఎన్నికలో వచ్చిపడితే చేతులు కట్టేసుకోవాల్సిందే. రిజిస్టరు మూడు భాగాలు, అసలు వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, సారాంశ పత్రం, ప్రమాణ పత్రం ఒక కట్టగా చేసి, ప్రతి వోచరు మీద మీరో మీ ఎన్నికల ఏజెంటో సంతకం చేశారా చూసుకుని, స్వయంగా వెళ్లి ఇవ్వండి. ముట్టినట్టు రసీదు తీసుకుని, మొత్తం కట్టకు ఒక జిరాక్సు సెట్టు మీ బీరువాలో ఉంచుకోండి.